మా మేడ మీద బొంతల గది

మా మేడ మీద ఒక గది ఉంది. పన్నెండు అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు. అందులో మంచం లేదు, టీవీ లేదు. రెండు ఇనుప పెట్టెలు, గోడ పొడుగునా కట్టిన మూడు వెదురు బొంగులు, ఇరవై మూడు బొంతలు ఉన్నాయి. బోర్డు లేదు, టికెట్ లేదు. మా గల్లీ పిల్లలే దానికి ‘బొంతల మ్యూజియం’ అని పేరు పెట్టారు. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత అలవాటైంది. ఇప్పుడు కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి కూడా ‘‘మేడమ్, మ్యూజియం మీటరు ఏది?’’ అని అడుగుతున్నాడు.

మేముండేది పటాన్‌చెరు దాటాక, సంగారెడ్డి పోయే తొవ్వలో. ముంబై హైవేకు ఇటూ అటూ ఫ్యాక్టరీలే. షిఫ్టు మారే వేళ రోడ్డు దాటాలంటే పది నిమిషాలు నిలబడాలి. ‘‘ఇంత పొగలో, ఇంత రొదలో బొంతలేంది టీచరమ్మా?’’ అని అడిగినవాళ్లున్నారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. జవాబు లేకుండా ఉండలేను కదా! బతుకుదెరువు కోసం ఊరు విడిచి వచ్చే మనిషి చంకలో మొదట ఉండేది బొంతే. బియ్యం ఇక్కడ కొనుక్కోవచ్చు, గిన్నె అడుక్కోవచ్చు. పక్క మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నారాయణఖేడ్ నుంచి, జోగిపేట నుంచి, బీదర్ నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి యాభై ఏళ్లుగా ఈ బెల్టుకు వచ్చిన ప్రతి మనిషీ ఒక బొంతను వెంట తెచ్చుకున్నాడు. ఇన్ని రకాల బొంతలు ఒక్కచోట పరుచుకునేది ఇక్కడ తప్ప ఇంకెక్కడ?

మా సంగారెడ్డి జిల్లాలో దాచుకునే అలవాటు లేదని కాదు. కొండాపూర్‌లో పురావస్తు మ్యూజియం ఉంది. 1940ల మొదట్లో నిజాం కాలపు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. వాటిని అద్దాల వెనక పెట్టారు. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును మ్యూజియం చేశారు. అయిదు వందలిస్తే ఒక రోజు ఖైదీలా ఉండి వచ్చే ఏర్పాటు 2016లో అక్కడ పెట్టారు. ఇక పటాన్‌చెరులోనే ఇక్రిశాట్. 1972లో వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లికాయ, చిరుధాన్యాలవి లక్షకు పైగా విత్తన నమూనాలను చల్లటి గదుల్లో భద్రంగా పెట్టారు. కుండ పెంకుకు చోటుంది, జైలు గదికి చోటుంది, గింజకు చోటుంది. ఆ కుండ చేసిన మనిషి, ఆ గింజ విత్తిన మనిషి రాత్రి ఏం కప్పుకుని పడుకున్నారో చెప్పే వస్తువుకు మాత్రం చోటు లేదు.

ఎందుకు లేదంటే, మన దగ్గర బొంత మనిషితోనే పోతుంది. మనిషి పోతే పక్కబట్టలు ఇంట్లో ఉంచరు. చాకలికి ఇచ్చేస్తారు, లేదంటే ఊరి బయట పారేస్తారు, కొన్నిచోట్ల కాష్టం మీదే వేస్తారు. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను. జబ్బు మనిషి పక్కను దూరం పెట్టడంలో తెలివి ఉంది. దుఃఖాన్ని రోజూ కళ్లముందు పెట్టుకోవద్దన్న దయ కూడా ఉంది. కానీ దాని ఫలితం ఏంటంటే, రెండు వేల ఏళ్ల కిందటి పూస కొండాపూర్‌లో దొరుకుతుంది, యాభై ఏళ్ల కిందటి మా అవ్వ బొంత దొరకదు.

బొంత కుట్టడం చూడని పిల్లలే ఇప్పుడు ఎక్కువ. అందుకే కొంచెం చెప్తాను. ఉగాది దాటి, చేన్ల పని సగం తగ్గినంక, మధ్యాహ్నం అన్నాలు తిని ఆడవాళ్లు వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. ముందు అడుగు చీరె పరుస్తారు. నాలుగు మూలలా రాళ్లు పెడతారు. దాని మీద చిరిగిన ధోతులు, లంగాలు, పిల్లల అంగీలు ఎక్కడా పలచన కాకుండా పేరుస్తారు. పైన కొంచెం మంచి చీరె. అంతా కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, అప్పుడు అంచు నుంచి అసలు కుట్టు మొదలుపెడతారు. వరుస వెనక వరుస, బయటి నుంచి లోపలికి, చివరి కుట్టు నడిమధ్యలో పడుతుంది. నలుగురు నాలుగు పక్కలా కూర్చుంటే నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ఒక్కరే కుడితే నెల. మృగశిర కార్తె వచ్చేలోపు ముగించాలి. వాన పడ్డాక సూది పట్టే తీరిక ఎవరికుంటుంది?

మనం బొంత అంటాం. కన్నడంలో కౌది, మరాఠీలో గోధడి, బెంగాల్‌లో కాంథా, బిహార్‌లో సుజని. పేర్లు వేరు, కుట్టు దాదాపు ఒక్కటే. మా గదిలో ఈ అయిదూ ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి వేస్తే, ఏది ఏ ఊరిదో రంగును బట్టి చెప్పొచ్చు గానీ కుట్టును బట్టి చెప్పడం కష్టం.

ఈ గది ఆలోచన నాకు వచ్చింది మాత్రం అమెరికాలో. మా అమ్మాయి శాన్‌హోసేలో ఉంటుంది. పురుటికి వెళ్లినప్పుడు, ఒకరోజు ‘‘అమ్మా, నీకు నచ్చేది ఒకటి చూపిస్తా’’ అని బొంతల మ్యూజియానికి తీసుకుపోయింది. నమ్మలేదు. నిజంగానే ఉంది. శాన్‌హోసే మ్యూజియం ఆఫ్ క్విల్ట్స్ అండ్ టెక్స్‌టైల్స్. 1977లో అక్కడి బొంతలు కుట్టుకునే ఆడవాళ్ల సంఘమే మొదలుపెట్టిందట. పెద్ద భవనమేమీ కాదు. లోపల వెలుతురు మసకగా ఉంది. కరెంటు పోయిందా అనుకున్నాను. కాదు, వెలుతురుకు రంగు చచ్చిపోతుందని అలా పెడతారట. ఒకే బొంతను ఏడాది పొడుగునా వేలాడదీయరు. కొన్ని నెలలకోసారి దించి, మడత మార్చి, విశ్రాంతి ఇస్తారు. బొంతకు విశ్రాంతి అనే మాట నాకు బాగా నచ్చింది.

అక్కడే ఒక పుస్తకంలో గీస్ బెండ్ గురించి చదివాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న చిన్న ఊరు. బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ల వారసులుండే ఊరు. అక్కడి ఆడవాళ్లు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో పెడితే జనం విరగబడి చూశారు. 2006లో ఆ బొంతల మీద అమెరికా తపాలా శాఖ పది స్టాంపులు వేసింది. అందులో నన్ను ఆపేసింది మిస్సూరీ పెట్‌వే అనే ఆమె బొంత. భర్త చనిపోతే, 1942లో ఆయన పనికి వేసుకున్న బట్టలు కత్తిరించి బొంత కుట్టుకుందట. ఆయన గుర్తుగా కప్పుకోవడానికి.

ఆ బొమ్మ చూస్తుంటే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

మా నాయిన ఈ పారిశ్రామికవాడలోనే ఫిట్టర్. రెండు జతల నీలం యూనిఫాం ఉండేది. ఆయన పోయినప్పుడు పెద్దవాళ్లు చెప్పినట్టే బట్టలన్నీ ఇచ్చేసింది అమ్మ. పక్క ఇచ్చేసింది, చెప్పులు ఇచ్చేసింది. యూనిఫాం రెండు జతలు మాత్రం ఇవ్వలేదు. మా మేనత్త కోపం చేస్తే అమ్మ ఒక్క మాటంది: ‘‘వదినె, గివి ఆయన బట్టలు కావు. కంపెనీ బట్టలు.’’ ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఎండాకాలం వాటిని విప్పదీసి, తన రెండు నూలు చీరెల నడుమ, పైకి కనిపించేటట్టు అతికి కుట్టింది. ఒక జేబును అలాగే ఉంచింది. మోకాలి దగ్గర గ్రీజు మరక పోలేదు. పోగొట్టాలని అమ్మ అనుకోలేదు కూడా.

అమెరికా నుంచి వచ్చాక గది ఖాళీ చేయించాను. నాలుగేళ్లయింది. మొదటి బొంత అదే. అయితే అమ్మ ఒక షరతు పెట్టింది: ‘‘ఎండకాలం నీకు, చలికాలం నాకు.’’ అందుకే మా మ్యూజియంలో ముఖ్యమైన వస్తువు ఏటా కార్తీకం నుంచి శివరాత్రి దాకా కనిపించదు. ఆ బొంగు ఖాళీగా ఉంటుంది. చూడవచ్చినవాళ్లు అడిగితే ‘‘కింద మా అమ్మ కప్పుకుంది’’ అని చెప్తాను. మా జిల్లాలో చలి తక్కువేం కాదు. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత కోహీర్‌లో అని పేపర్లో తరచూ వస్తుంటుంది.

ఇలా మా గదికి కూడా కాలాలున్నాయి. ఎండాకాలం కుట్టుడు కాలం. ఆదివారాలు మేడ మీద చాప పరుస్తాం. ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ పనికి పోయే ఆడపిల్లలు, కిరాయి ఇళ్లలో ఉండే బయటి రాష్ట్రాల అక్కలు వస్తారు. భాష కలవకపోయినా సూది కలుస్తుంది. ఇప్పటి చీరెలతో చిక్కేమిటంటే అవి నూలువి కావు. పాలిస్టరు చీరె చిరగదు, మెత్తబడదు, చెమట పీల్చదు. నూలు చీరె ఇరవైసార్లు ఉతికితే బొంతకు పనికొచ్చేంత మెత్తనవుతుంది. పాత నారాయణపేట చీరె ఒక్కటి దొరికితే అందరూ దాన్ని ముట్టి చూస్తారు.

వానాకాలం కాపలా కాలం. తేమ బొంతకు శత్రువు. పెట్టె అడుగున ఇటుకలు పెడతాను. ఒక్కో బొంతను ఉతికిన పాత తెల్ల ధోతిలో చుట్టి, వేపాకు ఎండబెట్టి వేరే మూటకట్టి మూలన పెడతాను. ఆకు నేరుగా గుడ్డకు తగిలితే మరక పడుతుంది. ఎండ కాసిన రోజు బయటి ఎండలో వేయను, గదిలోనే గాలికి విప్పుతాను. మళ్లీ మడిచేటప్పుడు పాత మడత మీద మడత పడకుండా చూస్తాను. ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే గుడ్డ అక్కడే తెగుతుంది.

పోయిన ఏడాది వానాకాలం మాత్రం మరిచిపోలేనిది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. ఆ వారం మేడ మీద ఎవరూ సూది పట్టలేదు. ఆ తర్వాత చాలామంది గదులు ఖాళీ చేసి సొంతూళ్లకు వెళ్లిపోయారు. మా వెనక గల్లీలో ఖాళీ అయిన ఒక గదిలో ఒక సుజని మిగిలింది. ఇంటాయన చెత్తబండికి వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. దాన్ని వదిలిన మనిషి క్షేమంగా ఇల్లు చేరి, బరువని వదిలేశాడో, ఇంకేమైనా జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. దాని చీటీ మీద గల్లీ పేరు, నెల, సంవత్సరం రాశాను. కింద ఇంకో వాక్యం రాశాను: ‘మీదైతే తీసుకుపోండి’. అది ప్రదర్శనకు పెట్టలేదు. పెట్టెలోనే ఉంది. మనిషి వస్తే ఇవ్వాలి కదా!

పెత్తరమాసకు ముందు ఉతుకుడు కాలం. మా చిన్నప్పుడు దసరా వస్తోందంటే ఇంట్లో ఉన్న బొంతలన్నీ వాగుకు పోయేవి. నీళ్లు తాగిన బొంతను ఒక్కరు లేపలేరు. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని మెలితిప్పితే తప్ప నీళ్లు పోవు. తర్వాత తర్వాత వాగు నీళ్ల రంగు మారింది. నక్కవాగు పొంటి ఊళ్లవాళ్లు పశువులను దించడం మానేశారు. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. మా గదిలో పదకొండో నంబరు బొంత అప్పటిది. తెల్లగా ఉండాల్సిన అడుగు చీరె మీద పసుపు పచ్చ మరకలు అలలు అలలుగా ఉన్నాయి. ఇచ్చినామె ‘‘వాగుల ఉతికితే గిట్లయింది బిడ్డా, గిదెందుకు నీకు?’’ అంది. నాకు అదే కావాలి. ఆ కాలం గురించి కాగితాల్లో ఉన్నదంతా కోర్టు భాష. ఆ మరక మామూలు భాష.

చలికాలం బొంతలు తిరిగే కాలం. ఎవరైనా అడిగితే ఇస్తాను, పాతబడి కుట్లు వదులైనవి తప్ప. ‘మ్యూజియం వస్తువును కప్పుకుంటారా!’ అని మా అల్లుడు ఆశ్చర్యపోయాడు. కప్పుకోని బొంత ఏం బొంత?

ఇంతవరకు బాగానే ఉంది. మొన్న సంక్రాంతికి అమ్మ పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకుంది. ఎనభై దాటింది ఆమెకు. బొంత మీద చెయ్యి వేసి, నాయిన జేబు ఉన్నచోట వేళ్లు పెట్టుకుని చెప్పింది: ‘‘బిడ్డా, నేను పోయిననాడు గిది నా మీదనే పోవాలె. మళ్ల పైకి తీస్కపోయి తగిలియ్యకు.’’

‘‘అమ్మా, రేపు నీ మనవరాలి బిడ్డ చూడాలంటే ఎట్ల?’’ అన్నాను.

‘‘చూసి ఏం చేస్తది? గీ చీరెలు నావి, గీ అంగీలు ఆయనవి. కుట్టు నేర్సుకొమ్మను. ఆమెది ఆమె కుట్టుకుంటది.’’

‘‘మరి కంపెనీవి అన్నవ్ కదా అప్పుడు?’’

అమ్మ నవ్వింది. ‘‘అప్పుడు గట్లంటెనే ఉంచనిచ్చిండ్రు.’’

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆ బొంతే లేకపోతే ఈ గదిలో ఏం మిగులుతుంది? శాన్‌హోసే వాళ్లయినా, గీస్ బెండ్ బొంతలు కొన్న పెద్ద మ్యూజియాలైనా ఒప్పుకోరు. కానీ నేను పెద్ద మ్యూజియం కాదు, ఆమె కూతుర్ని. ‘సరే అమ్మా’ అని పొద్దున్నే మాటిచ్చాను. ఇచ్చిన తర్వాతే గది గురించి నాకు కొంచెం స్పష్టత వచ్చింది. కుండనో, నాణేన్నో దాచినట్టు బొంతను దాచలేం. అది ఎవరిదో ఒకరి ఒంటిది. ఉన్నన్నాళ్లు చూడాలి, ఎవరిదో రాసుకోవాలి, ఎట్లా కుట్టారో నేర్చుకోవాలి. పోయే రోజు వస్తే పోనివ్వాలి. అందుకే మా గది ముందు పనులు కూడా మారిపోయాయి.

మొదటిది, అమ్మ బొంతను అంగుళం అంగుళం కొలిచి బొమ్మ గీస్తున్నాను. ఎక్కడ ఏ ముక్క, ఏ కుట్టు ఎటు పోయింది, జేబు ఎక్కడుంది, మరక ఎంత. ఫొటోలు మా అమ్మాయి చూసుకుంటుంది. మడత పెట్టిన కథలు నేను రాసుకుంటాను. మిగతా ఇరవై రెండు బొంతలకూ ఇదే పద్ధతి. ఒక్కోదానికి ఒక నోటుబుక్కు.

రెండోది, ఈ ఎండాకాలం ఒక కొత్త బొంత. దానికి అన్నీ పని బట్టలే. ఇప్పటి యూనిఫాం టెర్రీకాటన్, సూదికి గట్టి. అయినా కుడతాం. ఇప్పటికే ఏడుగురు ఇచ్చారు. ఫార్మా కంపెనీలో పనిచేసే అమ్మాయి తెల్లకోటు, సెక్యూరిటీ గార్డు నీలం అంగీ, ఆర్టీసీలో రిటైరైన ఒకాయన ఖాకీ. ప్రతి జేబునూ అలాగే ఉంచాలని అమ్మ ఆర్డరు.

మూడోది, కొంచెం పెద్ద కోరిక. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్లను అలంకరించి, పాత విత్తనాలు పెట్టుకుని, ఊరూరా తిరుగుతారు. రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్న జాతర అది. విత్తనాన్ని అద్దం వెనక పెట్టకుండా జనం దగ్గరికే తీసుకుపోవడం. ఇక్రిశాట్ చల్లగదులున్న జిల్లాలోనే ఈ బండ్లు కూడా తిరుగుతున్నాయి. రెండూ కావాలి. మా బొంతలకు చల్లగది ఎట్లాగూ లేదు, బండి మాత్రం దొరుకుతుంది. వచ్చే చలికాలం ట్రాలీ ఆటో మాట్లాడుకుని, ఒక పది బొంతలతో ఇస్నాపూర్, రుద్రారం, కంది పొంటి బడులకు పోవాలని ఉంది. ఏడో తరగతి పిల్లల ముందు బొంత పరిచి, ‘ఇందులో ఎన్ని బట్టలున్నాయి, ఎవరెవరివి?’ అని అడిగితే చాలు, గంట పాఠం అయిపోతుంది. ఒకసారి మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒకడు ఒక బొంతలో పదిహేడు రకాల గుడ్డలు లెక్కపెట్టాడు. ఇంటికి పోయి వాళ్ల నానమ్మ బొంత లెక్కపెట్టి మర్నాడు వచ్చి ‘‘మాది ఇరవై ఒకటి మేడమ్!’’ అని గెలిచినట్టు చెప్పాడు.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక బొంత ఉండే ఉంటుంది. అటక మీదో, కూలర్ కిందో, కారు తుడిచే గుడ్డగానో. దాన్ని నాకు పంపమని అడగడం లేదు. పారేసే ముందు ఒక్కసారి వెలుతురులో పరవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ముక్క ఎవరి చీరెనో, ఎవరి అంగీనో అడగండి. ఒక తెల్లగుడ్డ ముక్క మీద ఆ పేర్లు రాసి మూలకు కుట్టేయండి. తర్వాత మళ్లీ కప్పుకోండి.

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. లెక్కప్రకారం అమ్మ బొంత ఈపాటికి మేడ మీదికి రావాలి. నిన్న అడిగితే ‘‘తెల్లవారుజామున ఇంక సలి పెడుతుంది, ఉగాది దాక ఆగు’’ అంది. బొంగు తుడిచి పెట్టుకున్నాను. ఉగాది దాకా ఆగుతాను.